‘కెప్టెన్ అమెరికా’ ఎవరి చేతి పని?

1969లో వచ్చిన ‘ఈజీ రైడర్’ సినిమా కథ ఇప్పుడు చాలామందికి గుర్తుండకపోవచ్చు. అందులో పీటర్ ఫోండా నడిపిన బండి మాత్రం ఆ సినిమా చూడనివాళ్లకు కూడా తెలుసు. ముందుకు బారుగా చాచిన ఫోర్కు, సన్నటి ముందు చక్రం, సీటు వెనక నిలువెత్తున లేచిన సిస్సీ బార్, అమెరికా జెండా చుక్కలూ చారలూ దిద్దిన చిన్న ట్యాంకు, మిగతాదంతా తళతళలాడే క్రోమ్. దాన్ని ‘కెప్టెన్ అమెరికా’ అంటారు. ఇంజిన్ హార్లీ డేవిడ్సన్‌దే. కానీ ఈ రూపంలో ఈ బండి ఏ ఫ్యాక్టరీ గేటూ దాటి రాలేదు. లాస్ ఏంజెలస్ దక్షిణ ప్రాంతపు గ్యారేజీల పనితనం ఇది. ఆ పనితనం ఎవరిదన్న ప్రశ్న మీద దశాబ్దాలపాటు తగాదా నడిచింది.

తగాదాలోకి దిగేముందు బండిని ఒక్కో భాగంగా విప్పి చూడాలి. ఎక్కడ ఏ నిర్ణయం తీసుకున్నారో, ఏది తేలికో ఏది కష్టమో తెలిస్తే, ‘ఆ డిజైన్ నాది’ అన్న మాటకు ఎంత బరువుందో మనమే తూచుకోవచ్చు.

దీనికి పునాది 1950ల తొలినాళ్ల హైడ్రా-గ్లైడ్ మోడల్. లాస్ ఏంజెలస్ పోలీసు శాఖ వాడి పక్కన పెట్టిన బళ్లను వేలంలో కొన్నారు. ఈ విషయంలో మాత్రం ఎవరికీ పేచీ లేదు. హైడ్రా-గ్లైడ్ అనేది కంపెనీ పెట్టిన పేరు. 1949లో పాత స్ప్రింగ్ ఫోర్కు తీసేసి, లోపల నూనెతో పనిచేసే టెలిస్కోపిక్ ఫోర్కు బిగించినప్పుడు ఆ పేరు వచ్చింది. ఇంజిన్‌కు మాత్రం నడిపేవాళ్లే పేరు పెట్టుకున్నారు. సిలిండర్ హెడ్ల మీది రాకర్ కవర్లు బోర్లించిన వంట పళ్లేల్లా ఉంటాయని దాన్ని ప్యాన్‌హెడ్ అన్నారు. 1948 నుంచి 1965 దాకా హార్లీ పెద్ద బళ్లకు అదే ఇంజిన్.

ఆ ఇంజిన్ దగ్గర కాసేపు ఆగాలి. సిలిండర్లు రెండు, వాటి మధ్య 45 డిగ్రీల కోణం. ఈ పోలీసు బళ్ల ఇంజిన్ 74 క్యూబిక్ అంగుళాలది, అంటే సుమారు 1200 సీసీ. అంతకుముందు ఇనుముతో పోసిన హెడ్ల స్థానంలో ఇందులో అల్యూమినియం హెడ్లు వచ్చాయి. అల్యూమినియం వేడిని త్వరగా వదిలేస్తుంది కనుక గాలితో చల్లబడే ఇంజిన్‌కు అది పెద్ద మేలు. రెండు పిస్టన్ల కనెక్టింగ్ రాడ్లూ ఒకే క్రాంక్ పిన్ మీద కూర్చుంటాయి. ఒక రాడ్ కింది భాగం రెండుగా చీలి ఉంటుంది, రెండోది ఆ చీలికలో ఇమిడిపోతుంది. ఈ ఏర్పాటు వల్లే సిలిండర్లు రెండూ ఒకదాని వెనక ఒకటి పక్కకు జరగకుండా ఒకే వరసలో నిలబడతాయి, అంత పెద్ద ఇంజిన్ కూడా వెడల్పులో సన్నగా ఉంటుంది. ఒక సిలిండర్ పేలాక క్రాంకు 315 డిగ్రీలు తిరిగితే రెండోది పేలుతుంది. తర్వాత 405 డిగ్రీలు ఆగాలి, అప్పుడు మళ్లీ మొదటిది. బుల్లెట్ చప్పుడుకు అలవాటుపడిన మన చెవికి దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం ఎప్పుడూ ఒకటే. హార్లీలో దగ్గరగా రెండు దెబ్బలు, ఆపైన కాస్త ఎడం. కారణం ఆ ఒక్క క్రాంక్ పిన్‌లో ఉంది.

ఫ్యాక్టరీ బండిలో ఈ ఇంజిన్ సగం కనపడదు. లావాటి మడ్‌గార్డులు, మీటరు బిగించిన రెండు ముక్కల వెడల్పాటి ట్యాంకు, విండ్‌షీల్డు, పక్క సంచులు, గార్డు రాడ్లు దాన్ని కమ్మేస్తాయి. చాపర్ కట్టేవాళ్లు వీటిని ఒక్కొక్కటిగా తీసేస్తారు, అవసరమైన చోట కోసేస్తారు. కోయడమే మూలసూత్రం కనుక ఆ పేరు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మడ్‌గార్డులు పొట్టిగా కోసిన ‘బాబర్లు’ బాగా వ్యాపించాయి, వాటి తర్వాతి అడుగు చాపర్. ఇందులో ఇంజిన్ రూపాన్ని ఎవరూ మార్చరు. చుట్టూ ఉన్నది తీసేసి దాన్ని కంటికి ఎదురుగా నిలబెడతారు.

అసలు విద్య ఫ్రేములో ఉంది, అందులోనూ మెడ దగ్గర. హ్యాండిల్ తిరిగే చోట, కోన్‌సెట్లు కూర్చునే గొట్టాన్ని మెడ అంటారు. ఫ్యాక్టరీ బండిలో ఆ గొట్టం నిట్టనిలువు గీతకు సుమారు 30 డిగ్రీలు వెనక్కి వాలి ఉంటుంది. ఫోర్కును పొడిగించాలనుకుంటే మొదటి ప్రమాదం ఇక్కడే ఎదురవుతుంది. ఒక ఉదాహరణ తీసుకుందాం. ఫోర్కు పొడవు 30 అంగుళాలు అనుకుంటే, 30 డిగ్రీల వాలులో అది మెడను దాదాపు 26 అంగుళాల ఎత్తున నిలబెడుతుంది. వాలు మార్చకుండా దాన్ని 12 అంగుళాలు పొడిగిస్తే ఆ ఎత్తు 36 దాటుతుంది. బండి ముందుభాగం పది అంగుళాలు పైకి లేస్తుంది, ఇంజిన్ వెనక్కి ఒరుగుతుంది, కార్బురేటర్‌లో పెట్రోలు మట్టం తప్పుతుంది, కూర్చున్నవాడు వెనక్కి జారతాడు. అదే ఫోర్కును 45 డిగ్రీలకు వాలిస్తే ఎత్తు 30 లోపే ఉంటుంది. పొడవు పెరిగింది, ఎత్తు మాత్రం నాలుగు అంగుళాలు కూడా పెరగలేదు. పొడవునూ వాలునూ కలిపి లెక్క వేసినవాడికే బండి తిన్నగా కూర్చుంటుంది.

వాలుతో పాటే మరొకటి మారుతుంది. మెడ గొట్టం గుండా ఒక గీత కిందికి గీస్తే అది రోడ్డును ఒక చోట తాకుతుంది. చక్రం రోడ్డును తాకే చోటు దానికి కొంచెం వెనక ఉంటుంది. ఈ రెంటి మధ్య దూరాన్ని ట్రెయిల్ అంటారు. చక్రాన్ని ఎప్పటికప్పుడు తిన్నగా లాగేది ఈ దూరమే. మిగతా కొలతలు అలాగే ఉంచి వాలును 30 నుంచి 45కు తీసుకుపోతే ట్రెయిల్ రెట్టింపు దాకా పెరుగుతుంది. అందుకే ఇలాంటి బండి హైవే మీద గీత గీసినట్టు తిన్నగా పోతుంది. సినిమాలో ఫోండా వీపు నిటారుగా, భుజాలు వదులుగా పెట్టుకుని ఎడారి రోడ్ల మీద పోతుంటే కనిపించే నింపాదితనంలో సగం ఈ కొలతదే. బండి నెమ్మదించగానే దానికి మూల్యం చెల్లించాలి. మలుపులో హ్యాండిల్ బరువెక్కి తనంతట తానే పక్కకు ఒరుగుతుంది. సందుల్లో తిప్పాలంటే చేతుల్లో బలం ఉండాలి.

మెడ వాలు మార్చడమంటే ఫ్రేమును కోయడమే. గొట్టాలను వేడిచేసి వంచే దారి ఒకటి, కోసి లోపల ఉక్కు ముక్క దూర్చి వెల్డింగ్ చేసే దారి ఇంకొకటి. ఏ దారిలో వెళ్లినా కొత్త మెడ వెనక చక్రంతో ఒకే తలంలో ఉండాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా బండి ఒక పక్కకు లాగుతూ ఉంటుంది, ఎంత నడిపినా ఆ లోపం పోదు. పైగా ఫోర్కు పొడవు పెరిగినకొద్దీ గుంతలో చక్రం పడినప్పుడు మెడ మీద పడే మెలిక కూడా పెరుగుతుంది. వాలు ఎక్కువైతే గుంత దెబ్బ ఫోర్కు గొట్టాల దారిలో పోకుండా అడ్డంగా తగులుతుంది, లోపలి గొట్టం బయటి గొట్టానికి ఒరుసుకుని సస్పెన్షన్ బిగుసుకుంటుంది. వెల్డింగ్ సరిగ్గా లేకపోతే విరిగేది ఇక్కడే. వెనకవైపు ఆ దెబ్బను మింగే షాక్ అబ్జార్బర్లు ఎలాగూ లేవు. హార్లీ పెద్ద బళ్లకు వెనక సస్పెన్షన్ 1958లో డ్యుయో-గ్లైడ్‌తో గానీ రాలేదు. హైడ్రా-గ్లైడ్‌లో ఆ లోటును సీటు కింది స్ప్రింగు కొంత తీర్చేది. చాపర్‌లో సీటు నేరుగా ఫ్రేము మీదికి దిగింది.

ముందు చక్రం 21 అంగుళాలది, సన్నటిది. వెనకది 16 అంగుళాలది, లావాటిది. ముందు బ్రేకు లేదు. ఇది ఒక్కటే నాకు మింగుడుపడని నిర్ణయం. బ్రేకు వేసినప్పుడు బరువు ముందు చక్రం మీదికి వస్తుంది కనుక ఆపే శక్తిలో ఎక్కువ భాగం అక్కడే ఉంటుంది. వెనక డ్రమ్ము ఒక్కదాంతో అంత బండిని ఆపడం సాహసమే. కానీ ముందు హబ్బు మీద డ్రమ్ము, దాని కేబుల్ తీసేయడం వల్లే ఆ చక్రం అంత ఖాళీగా, అంత తేలిగ్గా కనిపిస్తుంది. కట్టినవాళ్లు తెలిసే ఆ రాజీపడ్డారు.

ఇక ట్యాంకు. చాపర్ కట్టేవాళ్లు ఎక్కువగా వాడింది కాలిఫోర్నియాలోనే తయారైన ‘మస్టాంగ్’ అనే చిన్న బండి ట్యాంకును. ఈ బండి ట్యాంకు కూడా ఆ తరహాదే. అది ఫ్రేము పైగొట్టం మీద బిగుతుగా కూర్చుని ఇంజిన్‌ను పూర్తిగా బయటపెడుతుంది. పెట్రోలు తక్కువ పడుతుంది కనుక దూరాలకు పనికిరాదు, కానీ రూపానికి అదే ప్రాణం. సినిమా మొదట్లో ఫోండా పాత్ర డాలరు నోట్లను చుట్టి ఒక సన్నటి ప్లాస్టిక్ గొట్టంలో కూరి ఈ ట్యాంకులోకి దూరుస్తుంది. జెండా రంగుల వెనక డబ్బు దాచిన ఆ దృశ్యం బండిని కథలో పాత్రగా మార్చేసింది.

క్రోమ్ గురించి ఒక మాట. పెయింటు కింద పుట్టీతో లోపాలు కప్పేయవచ్చు, క్రోమ్ కింద కుదరదు. గొట్టం మీద గీత ఉంటే ఆ గీత మెరుస్తుంది, వెల్డింగ్ మీద బుడిపె ఉంటే ఆ బుడిపె మెరుస్తుంది. ఫ్రేముతో సహా క్రోమ్ చేయించారంటే ప్రతి అతుకునూ ఆకురాయితో సాపు చేసి, ఉపరితలమంతా అద్దంలా తీర్చాకే తొట్టిలో ముంచి ఉంటారు. తమ వెల్డింగ్ మీద నమ్మకం ఉన్నవాళ్లే ఆ ధైర్యం చేస్తారు.

ఇప్పుడు మనుషుల దగ్గరికి వద్దాం.

ఫోండా చాలా ఏళ్లపాటు ఇంటర్వ్యూల్లో చెప్పిన మాట ఇది: బళ్లు తానే కట్టాను, పోలీసుల దగ్గర నాలుగు కొన్నాను, వాట్స్ ప్రాంతపు నల్లజాతి కుర్రాళ్లు సాయం చేశారు. ఆ కథనంలో కుర్రాళ్లకు పేర్లు లేవు. సినిమా టైటిల్స్‌లోనూ లేవు. షూటింగులో బళ్లు చూసుకున్న డాన్ హాగర్టీ తర్వాతి రోజుల్లో టీవీలో ‘గ్రిజ్లీ ఆడమ్స్’గా పేరు తెచ్చుకున్నారు. కొంతకాలం బండి నిర్మాణం గురించి మాట్లాడాలంటే ఆయన్నే పిలిచేవారు.

పేరు లేకుండా పోయిన వాళ్లలో మొదటివారు క్లిఫర్డ్ వాస్. ఆయన పౌరహక్కుల పోరాటంలో ఎస్ఎన్‌సీసీ సంస్థ తరఫున ఫొటోగ్రాఫర్‌గా, కార్యకర్తగా పనిచేశారు. 1964లో మేరీల్యాండ్ రాష్ట్రం కేంబ్రిడ్జిలో నేషనల్ గార్డు సైనికులు ఆయన్ను ఈడ్చుకుపోతుండగా డానీ లయన్ తీసిన ఫొటో ప్రసిద్ధమైంది. అదే డానీ లయన్ 1968లో ‘ది బైక్‌రైడర్స్’ ఫొటో పుస్తకం తెచ్చారు. చాపర్ ఎక్కి అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో తిరిగిన నల్లజాతి యువకుడు వాస్, ఆ కాలంలో ఆ రోడ్ల మీద అలా కనిపించడానికే గుండె కావాలి. తర్వాత లాస్ ఏంజెలస్‌లో రేడియో విలేకరిగా ఉన్నప్పుడు, గంజాయి కేసులో కోర్టుకు వచ్చిన ఫోండాతో పరిచయమైంది. ఇద్దర్నీ కలిపింది బళ్ల మీద ఇష్టం.

రెండోవారు బెన్ హార్డీ. దక్షిణ లాస్ ఏంజెలస్‌లో సొంత గ్యారేజీ నడిపిన మెకానిక్. అక్కడి నల్లజాతి బైకర్లకు ఆయన గురువు లాంటివారు, చాపర్ ఎలా నిలబడాలో వాళ్లకు నేర్పినవారు. వాస్ చెప్పినదాని ప్రకారం రూపం తనది, బళ్లు సమకూర్చింది తాను, కట్టించింది హార్డీ అనుభవంతో, చేతిపనిలో పాలుపంచుకున్నది తనతోపాటు ఉండే మెకానిక్ లారీ మార్కస్. సినిమా నిర్మాణం మధ్యలోనే వాస్ దానికి దూరమయ్యారు. ఆ తర్వాత చాలా ఏళ్లు పడవ మీద, కరీబియన్ సముద్రంలో గడిపారు. తగాదా జరిగిన కాలంలో చాలాభాగం సాక్షి ఊళ్లోనే లేడన్నమాట.

సినిమా కథలో కూడా ఒక ఖాళీ ఉంది. తెర మీద నల్లజాతి బైకర్ ఒక్కడూ కనపడడు. వాళ్ల వీధుల్లో పెరిగిన విద్యను ఇద్దరు తెల్లజాతి కుర్రాళ్లు ఎక్కి దేశమంతా తిరుగుతారు.

బండి పేరు కూడా నడిపేవాడి నుంచే వచ్చింది. జో సైమన్, జాక్ కర్బీ సృష్టించిన కెప్టెన్ అమెరికా కామిక్ వీరుడు 1941 నాటివాడు. సినిమాలో ఫోండా పాత్ర వయట్‌ను స్నేహితుడు బిల్లీ ఆ పేరుతో పిలుస్తాడు. వయట్ జాకెట్ వీపు మీద జెండా ఉంది, హెల్మెట్ మీద ఉంది, ట్యాంకు మీద ఉంది. మెల్లగా మనిషికి పెట్టిన ముద్దుపేరు బండికి అతుక్కుంది. డెన్నిస్ హాపర్ నడిపిన, ట్యాంకు మీద మంటలు దిద్దిన రెండో బండిని ‘బిల్లీ బైక్’ అన్నారు, అదీ పాత్ర పేరే. చాపర్ల లోకంలో బండిని కట్టినవాడి పేరుతో గుర్తించడం ఆనవాయితీ. ఆ లోకంలో అన్నిటికన్నా పేరున్న రెండు బళ్లకూ ఆ మర్యాద దక్కలేదు.

కట్టింది ఒక్కో రకం రెండు చొప్పున నాలుగు బళ్లు. మూడు దొంగల పాలయ్యాయి. మిగిలిన ఒక్క కెప్టెన్ అమెరికా సినిమా చివరి దృశ్యంలో ధ్వంసమైంది. ఆ శిథిలాన్ని బాగుచేసి మళ్లీ నిలబెట్టానని హాగర్టీ చెప్పారు. అయోవాలోని మోటార్‌సైకిల్ మ్యూజియంలో కొన్నేళ్లు ప్రదర్శనకు ఉన్న ఆ బండి 2014లో కాలిఫోర్నియా వేలంలో 13.5 లక్షల డాలర్లు పలికింది. అసలు బండి తన దగ్గరుందని టెక్సాస్‌లో మరొకరు అన్నారు. రెండు బళ్లకూ ఉన్నది హాగర్టీ ఇచ్చిన ధ్రువపత్రమే. కాగితం విలువ అక్కడే తేలిపోయింది. 1998లో న్యూయార్క్ గుగ్గెన్‌హైమ్ మ్యూజియం మోటార్‌సైకిళ్ల ప్రదర్శన పెట్టినప్పుడు అక్కడ నిలబడింది కూడా నకలే. ఎవరూ కాదనలేని ‘అసలు’ ఇప్పుడు లాస్లో కోవాచ్ కెమెరా పట్టిన ఫిల్ములో మాత్రమే ఉంది.

ఎవరిది ఈ డిజైన్ అంటే నా తీర్పు ఇది. ఇలాంటి బండి కావాలని అడిగి, దాన్ని ప్రపంచానికి చూపించిన ఘనత ఫోండాకు ఇవ్వాలి. జెండా ఆలోచన ఆయనది అయినా కాకపోయినా ఆ వాటా తగ్గదు. కానీ 12 అంగుళాల పొడిగింపుకు ఎన్ని డిగ్రీల వాలు కావాలో, ఆ వాలును మెడ ఎంతవరకు మోస్తుందో, ఏ చక్రం వేస్తే ఆ ఫోర్కు చివర నప్పుతుందో కోరినంత మాత్రాన రాదు. బళ్లు కోసి, అతికి, విరిగినవి మళ్లీ అతికినవాళ్లకే ఆ లెక్క చేతిలో ఉంటుంది. 1967 నాటికి ఆ లెక్క తెలిసినవాళ్లు దక్షిణ లాస్ ఏంజెలస్ గ్యారేజీల్లో ఉన్నారు, వాళ్లలో ముందువరసలో ఉన్నవారు బెన్ హార్డీ. బండిలో ప్రతి కొలత ఇంకో కొలతను మోస్తోంది, కనుక దీన్ని ముక్కలుగా కాకుండా మొత్తంగా ఊహించిన మనిషి ఒకరుండాలి. వాస్ మాటను నేను నమ్మడానికి అదే కారణం.

హార్డీ 1994లోనే చనిపోయారు. తన పేరు బయటికి రావడం ఆయన చూడలేదు. వాస్ చివరి ఏళ్లలో మోటార్‌సైకిల్ చరిత్ర రాసేవాళ్లూ రేడియో విలేకరులూ ఆయన్ను వెతుక్కుంటూ వెళ్లారు, కథ మారడం మొదలైంది. 2016లో ఆయన కన్నుమూశారు. ఈ బండి బొమ్మ గోడ మీద పెట్టుకున్నవాళ్లకు, దీని గురించి రాసేవాళ్లకు నా మనవి ఒక్కటే: ఇకమీదట ‘పీటర్ ఫోండా బండి’ అని రాసిన చోట, దాని పక్కనే క్లిఫర్డ్ వాస్, బెన్ హార్డీ, లారీ మార్కస్ అని కూడా రాయండి.